ఆరో ఏటి ముక్క

మూడో సూది కూడా విరిగింది.

"ఇవి సూదులా, పుల్లలా?" అంది తల్లి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, తప్పంతా సూదుల మీదకి నెట్టేసింది.

ఆ ఇంట్లో పిల్లలెవరికైనా ఆరేళ్ళు నిండితే, వాళ్ళ పాతబట్టల్లోంచి ఒక ముక్క ఇంటి బొంతలో చేరాలి. తల్లిది, పెద్దమ్మది, ఇద్దరు మామయ్యలవి, అన్నీ అందులో ఉన్నాయి. అన్నీ అమ్మమ్మే కుట్టిందని ఇంటిల్లిపాదికీ గొప్ప.

అమ్మమ్మ పోయి ఏడాదైంది. వచ్చే ఆదివారం ఆమె కూతురు బుడ్డదానికి ఆరేళ్ళు నిండుతాయి. దాని గౌను ముక్క మాత్రం బొంత మీద కప్పలా ఉబ్బి కూర్చుంది.

"నా చేతుల్లోనే ఈ ఆనవాయితీ ఆగిపోయేలా ఉంది" అంది తల్లి, ఫోన్లో కుట్టు వీడియో మళ్ళీ మొదటికి తెస్తూ. నిజంగానే ఆమెకి కళ్ళు నిండాయి.

మర్నాడు బుడ్డది బడి నుంచి రాగానే బొంత ఈడ్చుకుంటూ మెట్లు దిగింది. మెట్ల కింద మిషను పెట్టుకుని జిప్పులు బాగుచేసే ముసలావిడ ఉంటుంది. అందరూ జిప్పులమ్మ అంటారు.

"మామ్మా, ఇది మా అమ్మమ్మ కుట్టింది. నా ముక్క కూడా కలపాలి. నేర్పవా?"

జిప్పులమ్మ బొంత తిరగేసి, వెనకవైపు కుట్ల మీద చాలాసేపు చెయ్యి ఆడించింది.

"బాగా కుట్టింది మీ అమ్మమ్మ. ఇటు కూర్చో. అంచుల జోలికి పోకు, మధ్యలోంచి మొదలుపెట్టు. అంచులు అవే దారికొస్తాయి."

సాయంత్రానికి ముక్క సగం కుదురుగా కూర్చుంది. అప్పుడే తల్లి ఆఫీసు నుంచి వచ్చింది.

"మధ్యలోంచి కుట్టమని ఎవరు చెప్పారండీ? మా అమ్మ పద్ధతి వేరు."

"అలాగామ్మా" అంది జిప్పులమ్మ.

"బయటివాళ్ళు చెయ్యి పెడితే అది మా ఇంటి బొంత ఎలా అవుతుంది?"

జిప్పులమ్మ బొంత మడతపెట్టి ఇచ్చేసింది.

పైకి రాగానే తల్లి ఆ కుట్లన్నీ విప్పేసింది. బుడ్డది వెక్కి వెక్కి ఏడ్చింది. తల్లికీ మనసు చివుక్కుమంది గానీ, ఒకసారి పట్టు పట్టాక దిగిరావడం ఆ ఇంటి రక్తంలో లేదు.

ఆదివారం తల్లికి పిన్ని వరసయ్యే ఆవిడ వచ్చింది. ఒకప్పుడు ఈ వీధిలోనే కాపురమున్న మనిషి. వీళ్ళకి ఈ ఇల్లు చూసిపెట్టిందీ ఆవిడే.

"మెట్ల కింద మిషనావిడ కనబడదేం?" అంది చెప్పులు విడుస్తూ.

"మొన్న మిషను అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది పిన్నీ. ఏ ఊరో ఎవరికీ తెలీదు."

పిన్ని బొంత చేతిలోకి తీసుకుంది. ముడతలు పడ్డ కొత్త ముక్క చూసి నిట్టూర్చింది.

"అయ్యో, వెళ్ళేలోపు ఇదొక్కటి ఆవిడ చేత కుట్టించుకోలేకపోయావా?"

"ఆవిడెందుకు పిన్నీ? మా అమ్మ కుట్టిన బొంతకి..."

"పిచ్చిదానా, మీ అమ్మకి గుండీ కుట్టుకోవడమే రాదు" అని నవ్వింది పిన్ని. "తను బొంతా ముక్కా నాకు పంపేది, ఈ మెట్ల కిందావిడే కుట్టిపెట్టేది. నువ్వేమో మా అమ్మే కుట్టిందని బడంతా చెప్పుకు తిరిగేదానివాయె, నీకెప్పటికీ చెప్పకూడదని మీ అమ్మ ఆవిడ చేత ఒట్టు వేయించుకుంది."