ఇరవై పది

“ఎన్ని టికెట్లు?” అన్నాడు కండక్టరు.

“రెండు ఫుల్లు, ఒక హాఫ్,” అంది పిన్ని.

“హాఫ్ నేనే!” అని పిల్లాడు సీటెక్కి నిలబడి బస్సంతా వినపడేలా అరిచాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి బాబాయి వాణ్ణి హాఫ్ టికెట్ అనే పిలవడం మొదలుపెట్టాడు.

అమ్మా నాన్నా ఒక్కరోజే పోవడంతో, ఐదేళ్ళ వాడు బాబాయి ఇంటికి చేరాడు. పిన్నికి అప్పుడు ఐదో నెల. ఉన్నది ఒకటే గది. అయినా వాణ్ణి పల్లెత్తు మాట అనలేదు. పైగా సెలవు దొరికితే చాలు, పార్కుకి తీసుకెళ్ళేది. చుట్టుపక్కలవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

పార్కులో దాగుడుమూతలు. దొంగ ఎప్పుడూ వాడే. చెట్టుకి మొహం ఆనించి లెక్కపెట్టాలి. లెక్క పూర్తయ్యేదాకా కళ్ళు తెరవకూడదు. తప్పొస్తే మళ్ళీ ఒకటి నుంచి.

వానాకాలంలో వాడికి పది వరకే వచ్చు. పిన్ని నాలుగడుగులు వేసేలోపే “పది!” అని పరుగెత్తుకొచ్చి తడి కొంగు పట్టేసుకునేవాడు.

“ఇలాగైతే నేనెక్కడ దాక్కునేదిరా? ఎండాకాలానికల్లా నీకు వంద రావాలి,” అంది పిన్ని.

“వస్తే ఏమిస్తావు?”

“రెండు బస్సులు మారి అడవికి తీసుకెళ్తా.”

“కోతులుంటాయా?”

“నీకు చుట్టాలే అన్నీ.”

చలికాలానికి పాప పుట్టింది. పార్కులో మంచు. పాపని శాలువాలో చుట్టుకుని పిన్ని బెంచీ మీద కూర్చుంది.

“ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ఇరవై పది!”

బాబాయి పగలబడి నవ్వాడు. పిన్ని నవ్వలేదు.

“మళ్ళీ ఒకటి నుంచి.”

ఆ పొద్దున ఎన్నిసార్లు మొదలుపెట్టాడో. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. కళ్ళమీది చేతులు తియ్యకూడదు కదా.

పై వాటాలో టీచరమ్మ ఒకసారి అంది. “పిల్లాడికి ఇంటి అడ్రసూ, ఫోన్ నంబరూ కూడా నేర్పమ్మా.”

“ముందు అంకెలు రానివ్వండి టీచరుగారూ. అన్నీ ఒకేసారి రుద్దితే బుర్ర వేడెక్కదూ!”

ఎండలు ముదిరాయి. ఒక సాయంత్రం పిన్ని అంట్లు తోముతుంటే, వాడు గోడకి మొహం పెట్టి ఒక్క తప్పూ లేకుండా వంద దాకా చెప్పేశాడు.

బాబాయి గడియారం చూశాడు. “రెండు నిమిషాల పైనే పట్టింది,” అన్నాడు మెల్లగా.

పిన్ని తడిచేతులతోనే వాణ్ణి దగ్గరికి లాక్కుని, మొట్టమొదటిసారి ముద్దు పెట్టుకుంది.

అన్నమాట ప్రకారం రెండు బస్సులు మారి అడవికి వెళ్ళారు. కోతులు నిజంగానే ఉన్నాయి. ఒక కోతి వాడి చేతిలో బిస్కెట్ లాక్కుపోయింది. వాడు కిందపడి దొర్లి నవ్వాడు.

“ఇప్పుడు దొంగెవరు?” అంది పిన్ని.

“నేనే! ఎంత దూరమైనా దాక్కో పిన్నీ, పట్టేస్తా.”

“చూద్దాం. మధ్యలో కళ్ళు తెరిచావో, ఆట చెడినట్టే.”

వాడు చెట్టుకి మొహం ఆనించాడు. పిన్ని పాపని ఎత్తుకుంది. బాబాయి సంచీ అందుకున్నాడు. ఇరవై తొమ్మిది తర్వాత ముప్ఫై సరిగ్గానే వచ్చింది. బాబాయి ఒకసారి వెనక్కి చూడబోయాడు. “మన ఆట మనం ఆడాలి, నడు,” అంది పిన్ని.

ఎండుటాకులు దాటి రోడ్డు దగ్గరికి వచ్చేసరికి గొంతు సన్నగా వినిపించింది.

“తొంభై ఎనిమిది, తొంభై తొమ్మిది...”

పిన్ని అడుగుల వేగం పెంచింది.

“తొంభై పది!”

తప్పు వాడికే తెలిసినట్టుంది. ఎవరూ చెప్పకుండానే మళ్ళీ మొదలుపెట్టాడు.

“ఒకటి... రెండు... మూడు...”

“ఎన్ని టికెట్లు?” అని కండక్టరు అడిగితే, పిన్ని పాపని ఒళ్ళో సర్దుకుంటూ, “రెండు ఫుల్లు, అంతే,” అంది.