నా కిటికీ, నా చీకటి

"ఆ నల్లద్దం నువ్వే తీసేస్తావా, ఇళ్ళ సంఘానికి చెప్పి ఊడబీకించమంటావా?" ఆల్టియె గుమ్మంలోనే నిలదీసింది.

"చెప్పుకో తల్లీ. వాళ్ళు వస్తే వాళ్ళకీ ఇదే సమాధానం. ఇల్లు నాది, ఇందులో వెలుతురు ఎంతుండాలో చెప్పేది నేను," అంది హిస్కె, తలుపుకు అడ్డంగా నిలబడి.

నెదర్లాండ్స్‌లోని హార్లింగెన్ ఊళ్ళో ఆ వీధి వీధంతా కిటికీలకు కర్టెన్లు ఉండవు. సంసారులకు దాచుకోవడానికేముంటుంది? సోఫా, పిల్లి, ఎంగిలి కప్పులతో సహా దారినపోయేవాళ్ళకి కనబడాల్సిందే. అలాంటి చోట హిస్కె కిటికీ నెల రోజులుగా నల్లగా ఉంది. మైక్రోస్కోపుల కార్ఖానాలో పనిచేసి రిటైరైన మనిషి కదా, వెలుతురును ఒక దిక్కుగా వడకట్టే రెండు పోలరైజర్ పలకలు ఒకదాని వెనక ఒకటి తనే బిగించుకుంది. రెండూ ఒకే దిక్కుకుంటే వెలుతురు వస్తుంది. పిడి పట్టుకుని లోపలి పలకను తిప్పేకొద్దీ తగ్గుతుంది. ఒకదానికొకటి పూర్తిగా అడ్డం పడితే చిమ్మచీకటే. బయటివాళ్ళకి లోపల కనపడదు, లోపలివాళ్ళకి బయట కనపడదు.

"మొగుడు పోయి ఏడాది తిరగలేదు, అప్పుడే చీకట్లో చేసుకునే పనులేమిటో!"

"బోలెడున్నాయి. నీకు చెప్పి చేయాలా?"

"మా ఇల్లు చూడు, నీకెదురుగానే ఉంది. ఏనాడైనా దాపరికం ఉందా?"

"చూశాలే. చూసి చూసే ఇది పెట్టుకున్నా."

"అంటే మా మొహాలు చూడలేకపోతున్నావా!" ఆల్టియెకి ఒళ్ళు మండిపోయింది. హిస్కెని నెట్టుకుని లోపలికి జొరబడింది. ఒక కుర్చీ, సగం తాగిన కాఫీ. మగపురుగు జాడ లేదు. ఆ ఉక్రోషంతో కిటికీ పిడి పట్టుకుంది.

"దాని మీద చెయ్యి వేశావంటే బాగుండదు, చెబుతున్నా."

"ఏం చేస్తావేం?"

"నేనేం చేయను. నీ మంచికే చెబుతున్నా, తిప్పకు."

ఆల్టియె తిప్పింది. నలుపు కొద్దికొద్దిగా పలచబడింది. వానకు తడిసిన వీధి కనిపించింది, మనుషులెవరూ లేరు. ఆ తర్వాత ఎదురుగా దీపం వెలుగులో తన సొంత ముందుగది, కిటికీ గట్టు మీద రెండు పూలకుండీలు.

"అదీ సంసారుల ఇల్లంటే!" అని గర్వంగా ఇంకాస్త తిప్పింది.

ఆ గదిలో తన కుర్చీలోనే ఎవరో ఆడమనిషి కూర్చుని ఉంది. ఆల్టియె మొగుడు డౌవె నేల మీద చతికిలబడి, ఆ మనిషి పాదాలు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా ఒత్తుతున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటున్నారు. ఎదురింటి కిటికీ నల్లగానే ఉందన్న ధైర్యంతో కాబోలు, ఒక్కసారైనా ఇటు చూడలేదు.

ఆల్టియె పిడి వదలకుండానే కిటికీ నుంచి మొహం తిప్పుకుంది.

"హిస్కె," అంది, "చీకటి రావాలంటే దీన్ని ఎటు తిప్పాలే?"