మూడో గాడి

వరద నీళ్ళు షెడ్డు కిటికీల దాకా వచ్చిపోయిన ఏడాది అది.

నీట మునిగిన బళ్ళు రిపేరుకు వరసకట్టాయి. ఆటోమేటిక్ గేర్‌బాక్సుల పనంతా ముసలి మేస్త్రీదే.

ఆ పొద్దున ఇంట్లో ఆయన పంచదార అనుకుని టీలో ఉప్పు కలుపుకున్నాడు.

"కళ్ళు చూపించుకోండి," అంది భార్య.

"చూపించుకుంటే ఓనరుకు తెలుస్తుంది."

"తెలిస్తే?"

"పనిలోంచి తీసేస్తాడు. ఇద్దరం ఇంట్లో కూర్చుని ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోవాలి."

"మీకు కనపడితే కదా చూసుకోవడానికి!"

"నీ మొహం కనపడుతుందిలే."

ఉప్పు టీ అలాగే మింగి పనికి వెళ్ళాడు.

ఆయన బిగించిన గేర్‌బాక్సు ఒకటి అంతకుముందే లోపలి ఆయిల్ పంపు పగిలి తిరిగొచ్చింది. ఓనరు కేకలెయ్యలేదు. "ఇంకోటి ఇలా వస్తే మీరిక ఇంటి దగ్గరే ఉండండి మేస్త్రీగారూ," అన్నాడు. అంతే.

ఇల్లు గడిచేది ఆ పనితోనే.

షెడ్డులో బెంచీ మీద ఎవరో నడివయసు మనిషి. ఒళ్ళో చేతిసంచీ.

"ఏవయ్యా, బండేదీ?"

"బండి లేదు బాబాయ్. ఓనరుగారి కోసం వచ్చాను. ఆయన వచ్చేదాకా కూర్చుంటాను."

"ఎక్కడుంటావు?"

"ఏటి ఒడ్డున ఉండేవాణ్ణి. ఇప్పుడక్కడ ఏం మిగల్లేదు."

ఏదో సాయం అడగడానికి వచ్చాడు కాబోలనుకుని మేస్త్రీ పనిలో పడ్డాడు.

గేర్‌బాక్సును మూతి పైకి ఉండేలా నిలబెట్టాడు. కన్వర్టర్ ఎత్తి అందులో పెట్టాడు. ఇంజను తిరుగుడును గేర్లకు అందించే గుండ్రటి ఇనప డబ్బా అది. తిప్పుతూ నెడితే ఒక్కో గాడిలో పడుతూ మూడుసార్లు దిగుతుంది. మూడో గాడి పంపుది. అందులో పడకుండా బోల్టులు బిగించారా, పంపు పగులుతుంది.

టక్‌మని ఒకసారి దిగింది. కాస్సేపటికి ఇంకోసారి.

మేస్త్రీ చెయ్యి ఆగింది. స్టీలు స్కేలు పెట్టి లోతు చూశాడు. వెలుగులోకి తిప్పి చూశాడు. గీతలన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి.

"చాలు. కూర్చుంది," అని తనకు తనే చెప్పుకున్నాడు.

బెంచీ మీద మనిషి లేచి వచ్చాడు.

"అది తిరుగుతుందా బాబాయ్? నేనోసారి తిప్పి చూడనా?"

"ఇదేమన్నా రంగులరాట్నమా?"

"ఊరికే కూర్చుంటే తోచట్లేదు. ఒక్కసారి."

"తిప్పు. వేళ్ళు నలిగితే నన్ననకు."

అతను రెండు అరచేతులూ ఆనించి నిదానంగా తిప్పాడు.

లోపల టక్‌మంది. డబ్బా ఇంకాస్త దిగింది.

"అయ్యయ్యో! ఏదో విరిచేశానా బాబాయ్?"

మేస్త్రీకి తెలిసిపోయింది. మూడో గాడిలో పడింది ఇప్పుడు.

"విరగలేదు," అన్నాడు. "నేను కావాలనే అక్కడ ఆపాను. నువ్వు తొందరపడ్డావు."

"తప్పయిపోయింది బాబాయ్."

"సర్లే. వచ్చినవాడివి ఎలాగూ వచ్చావు, ఈ లైటు పట్టుకో."

ఇద్దరూ బండి కిందికి దూరారు. గేర్‌బాక్సు మూతి ఇంజనుకు చక్కగా అతుక్కుంది. బోల్టులు వేళ్ళతోనే తిరిగాయి. ఇక ఇంజను వెనక తిరిగే పళ్ళేనికీ కన్వర్టర్‌కీ మధ్య సందు కొలవాలి.

మేస్త్రీ స్కేలు తీశాడు. దాన్ని చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఇలా ఇవ్వు బాబాయ్. నాకు ఈ గీతలు చదవడం వచ్చో రాదో చూడు." అతను కంతలోంచి స్కేలు దూర్చి పిల్లాడిలా లెక్కపెట్టాడు. "రెండు... మూడు... నాలుగు. నాలుగు మిల్లీమీటర్లేనా?"

మేస్త్రీ స్కేలు లాక్కుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"నాలుగే. బళ్ళో పంతులు నిన్ను బాగానే ఉతికాడు."

"ఇంత సందు ఎందుకు? ఆనించేస్తే గట్టిగా ఉంటుంది కదా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. వేడెక్కితే అది ఉబ్బుతుంది. సందు లేకపోతే వెనక్కి తన్ని పంపును నలిపేస్తుంది. మరీ ఎక్కువుంటే పంపులోంచి జారుతుంది. మూడుకు తగ్గకూడదు, ఐదు దాటకూడదు."

"మూడుకు తగ్గకూడదు, ఐదు దాటకూడదు," అని అప్పజెప్పాడు అతను.

మేస్త్రీకి నవ్వొచ్చింది. ఎవరికైనా పని చెప్పి ఎన్నాళ్ళో అయింది.

ఓనరు వచ్చేసరికి బండి కుదుపు లేకుండా కదులుతోంది. ఆ మనిషి గేటు దగ్గర ఓనరుతో ఏదో మాట్లాడి సంచీ భుజాన వేసుకున్నాడు. మలుపులో తిరిగి చెయ్యి ఊపాడు. మేస్త్రీకి అంత దూరం ఆనలేదు.

మర్నాడు పొద్దున మేస్త్రీ పనిబట్టలు వేసుకోకుండా నేరుగా ఓనరు గదిలోకి వెళ్ళాడు.

"బాబూ, నాకు కళ్ళు ఆనటం లేదు. చాన్నాళ్ళయింది. దాచాను."

ఓనరు తలెత్తాడు.

"నిన్న మూడో గాడి వదిలేశాను. ఆ సంచీ మనిషి ఆటగా తిప్పబట్టి పడింది, లేకపోతే ఇంకో పంపు పోయేది. అతన్ని పిలిచి పనిలో పెట్టుకోండి బాబూ. ఇల్లూ వాకిలీ పోయినట్టున్నాయి పాపం. పనేం రాదు, కానీ చెయ్యి నెమ్మది. దగ్గరుండి నేను నేర్పుతా. అతనికి వచ్చాక నన్ను పొమ్మనండి, పోతా."

ఓనరు చేతిలో బిల్లులు పక్కన పెట్టాడు.

"కళ్ళ సంగతి ఆయన చెప్పలేదే," అన్నాడు.

"ఎవరు బాబూ?"

"ఆ సంచీ ఆయనే. ఎటు వెళ్ళాడో కూడా తెలీదు మేస్త్రీగారూ. మీ చోట్లో పెట్టుకుందామని నేను పిలిపించిన గేర్‌బాక్సుల మేస్త్రీ ఆయన, 'ఆ పెద్దాయన ఉండగా ఇక్కడ నాకు పనేముంది' అనేసి వెళ్ళిపోయాడు."