అరచేతి బేరం

హార్డ్ రాక్ బ్యాండులో చోటు దక్కాలంటే అభినయకు ఆదివారంలోగా బాస్ గిటారు కావాలి. చేతిలో ఎనిమిది వేలే ఉన్నాయి. తిరువళ్ళూరు అంగడిలో ఆమె ఒకటి అందుకుని, స్పీకరుకు తగిలించి తీగలు మీటసాగింది. తోడొచ్చిన అవ్వ తిరుమలమ్మ స్పీకరు పెట్టె మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"పన్నెండు వేలవ్వా," అన్నాడు అంగడాయన.

అవ్వ తల అడ్డంగా ఊపింది.

అతను సౌండు పెంచి, "సరే, పది," అన్నాడు. మళ్ళీ అడ్డంగానే.

ఉక్రోషంతో సౌండు పూర్తిగా తిప్పేశాడు. అద్దాల బీరువా గడగడలాడింది. "ఎనిమిది. ఇంక తగ్గేదానికి లేదవ్వా."

అవ్వ సరేనని తలూపింది.

"మీ అవ్వ గట్టి మనిషి పాపా," అంటూ అతను గిటారు సంచిలో పెట్టాడు.

రైలెక్కాక అవ్వ బోగీ అంతా వినపడేలా అరిచింది: "కడాన మన పవర్‌లూము మాదిరి అదిరినాది మే. చెవులు పోయినాక నాకు తెలిసిన మొదటి పాట అదే. అవునూ, రేటెంత చెప్పినాడు?"