రెండు హారన్లు

“ఆ హారన్ మోగదమ్మా. పాత సామాన్ల కొట్లో ఏరి, మీ అమ్మ కారుకు నేనే బిగించాను. మోగి ఉంటే వెనక్కొస్తున్న ఆ లారీ ఆగేది. మీ అమ్మ బతికేది.”

“ఏడాదిగా ఇదే పాట! ముందు బిగించు నాన్నా,” అంది స్టీరింగ్ ముందు కూర్చున్న కూతురు.

నుజ్జయిన కారులోంచి వైర్లతో సహా తీసిన హారన్‌ని, ఆయన కూతురి కారు బానెట్ కింద అలాగే కలిపాడు.

“కొట్టనా?”

“వద్దులే.”

ఆమె కొట్టింది. ఇంటికొచ్చినప్పుడల్లా వాళ్లమ్మ కొట్టినట్టే, చిన్నగా రెండుసార్లు. హారన్ ఖంగున మోగింది.

“విన్నావా? తప్పు నీది కాదు నాన్నా.”

ఆయన వినలేదు. చేతిలో స్పానర్‌తోనే గేటు తీయడానికి గబగబా వెళుతున్నాడు.

కూతురు వెనక్కి పిలవలేదు. గేటు రెండు తలుపులూ తెరుచుకునేదాకా ఆగింది.