పడవలో ఎర్ర ముక్క

“ఏయ్! ఆ గోడ మీంచి చెయ్యి తియ్యి!”

సారా టీచరు కేకకి హాల్లో బల్లలు సర్దుతున్న ఆడపిల్లలంతా ఉలిక్కిపడ్డారు.

గోడ దగ్గరున్న ముసలాయన మాత్రం కదల్లేదు. మోకాళ్ళ దాకా పంచె, భుజాన తువ్వాలు, ఉప్పుగాలికి నల్లబడ్డ ఒళ్ళు. చేపల వేటకెళ్ళే మనిషని చూడగానే తెలుస్తోంది. ఎక్కణ్ణించి ఊడిపడ్డాడో మరి!

సారా బల్లల మధ్య నించి గబగబా వచ్చింది. బంక ఇంకా ఆరలేదు. బాపట్ల నించి ముఖ్య అతిథి జీపు ఏ క్షణాన్నయినా రావచ్చు. “ఆయన గోడ చూసి మెచ్చుకుంటేనే నీ టెంపరరీ పోస్టు పర్మనెంటు” అని కరస్పాండెంటు దేవసహాయంగారు పొద్దున్నే మరోసారి చెప్పి మరీ వెళ్ళారు.

ఆ గోడేమైనా మామూలు గోడా! డెబ్బై ఏడు తుపాను తర్వాత రేపల్లెలో ఆ బోర్డింగు స్కూలుకి ఎక్కడెక్కడి దేశాల నించో సాయం మూటలొచ్చాయి. మన ఎండలకి ఉన్నికోట్లు పంపారు, పుణ్యాత్ములు! వాటి అడుగున పాత జిగ్‌సా పజిళ్ళు. ముక్కకి ముక్క కలిపితే బొమ్మ రావాలి. ఏ పెట్టె విప్పినా సగం ముక్కలు లేవు.

సారా వాటిని పారెయ్యలేదు. రంగుల వారీగా ఏరి, మైదా బంక కాచి, నెల్లాళ్ళు కూర్చుని గోడకి అంటించింది. నీలం ముక్కలన్నీ వరద. గోధుమరంగువి పడవ. పడవలో తెడ్డేసే మనిషి ఒక్కడు.

తుపాను రాత్రి బోర్డింగు పిల్లల్ని కాపాడింది ఆ మనిషే. కన్ను పొడుచుకున్నా కానరాని చీకట్లో వచ్చాడు, గట్టుకి చేర్చాడు, పేరైనా చెప్పకుండా పోయాడు. ఎంత వాకబు చేసినా ఆచూకీ దొరకలేదు. ఆయన గుర్తుగానే ఈ గోడ.

“నేనేం పాడు చెయ్యలేదమ్మా. మిగిలిన వాటిల్లోది ఒక్క ముక్క పెట్టానంతే.”

పడవ ముందు కొసన ఎర్ర ముక్క!

“ఏంటిది?”

“ఎర్ర చీరమ్మా. పడవలో ఆడమనిషి కూడా ఉంది.”

సారాకి ఒళ్ళు మండింది.

“వేట పడవలో ఆడమనిషా? కాలు పెడితే అరిష్టమని దగ్గిరికే రానియ్యరుగా మీవాళ్ళు! ఎవరికి చెప్తావు తాతా ఈ కబుర్లు?”

“రానియ్యరమ్మా, నిజమే. ఆ రోజు ఎక్కింది.”

“నువ్వు చూశావా?”

ముసలాయన చూపు తిప్పుకున్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

బయట హారను మోగింది.

“టీచర్, జీపొచ్చేసింది!” పిల్లల్లో ఎవరో అరిచారు.

సారా ఒక్క అంగలో వెళ్ళి ఎర్ర ముక్క పీకేసింది. దాంతోపాటు పక్కనున్న గోధుమ ముక్కలూ ఊడొచ్చాయి. హడావిడిగా వాటిని మళ్ళీ అదిమి పెట్టింది.

“దణ్ణం పెడతాను తల్లీ. ఆ ఒక్కటీ ఉండనియ్యమ్మా.”

“నా నోటి దగ్గిర కూడు పడగొట్టేదాకా వదలవా? ముందు బయటికి నడువు!”

ఆయన గోడ వంక ఒక్కసారి చూసి వెళ్ళిపోయాడు.

అతిథిగారు గోడ చూసి శభాష్ అన్నారు. దేవసహాయంగారి మొహం చేటంత అయింది. సారాకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

సభ అయ్యాక వంటింటి వైపు నించి పిచ్చమ్మ వచ్చింది. విందుకి నిజాంపట్నం నించి చేపలు తెచ్చింది ఆమే.

“టీచరమ్మగారూ, మా బావ సింగరయ్య కనపడ్డాడాండి? గోడ చూస్తానని పొద్దున నాతోనే బస్సులో వచ్చాడు.”

“ఆ ముసలాయనా? పంపించేశాను. పడవలో ఆడమనిషి ఉందంటాడు, చోద్యం కాకపోతే!”

పిచ్చమ్మ ఉన్నచోటే చతికిలబడింది.

“నోరు విప్పాడా అమ్మా! ఆడది ఎక్కబట్టే కీడు జరిగిందని ఊరంతా దాన్నే ఆడిపోసుకుంటారని ఇన్నాళ్ళూ గుట్టుగా ఉన్నాడండి.”

“ఎవర్ని?”

“మా అక్క రత్తాల్నండి. ఆ రాత్రి తెడ్డేసింది మా బావే. పిల్లల్ని పడవలోకి అందుకుంటా అక్క నీళ్ళలో పడి కొట్టుకుపోతే, ముందు పిల్లలు గట్టెక్కాలని పడవ వెనక్కి తిప్పలేదండి.”