ఉతకని గుడ్డ

సిల్విని ఇంటికి పంపిన రోజు ఆసుపత్రి నర్సులు నీల్‌కి రెండే మాటలు చెప్పారు. పిల్లను ముట్టుకునే ముందు చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి. బరువు తగ్గితే మళ్ళీ ఇక్కడికే, మళ్ళీ ముక్కులో గొట్టమే.

నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. పుట్టినప్పుడు తలకాయ నారింజపండంత. ఇప్పుడు కాస్త ఒళ్ళు చేసింది గాని, పాలు తాగడమంటే దానికి గండమే. రెండు గుక్కలకే అలిసిపోతుంది. సీసా మూతి దగ్గర పెడితే మొహం తిప్పేసుకుంటుంది.

ఆ గుడ్డ ఉంటేనే తాగుతుంది.

చేతిరుమాలంత ఆకుపచ్చ గుడ్డ. కాన్పయ్యాక మార్నాకి జ్వరం పట్టుకుంది. తల్లి ఒక అంతస్తులో, పిల్ల ఇంకో అంతస్తులో. అలాంటప్పుడు ఆ ఆసుపత్రిలో ఒక పద్ధతి ఉంది. మెత్తటి గుడ్డను రాత్రంతా తల్లి మెడ దగ్గర ఉంచి, పొద్దున్నే తీసుకెళ్ళి పిల్ల చెంప కింద పెడతారు. అమ్మ వాసన తగిలితే పిల్ల గుండె కుదుటపడుతుందట. నీల్ మొదట నమ్మలేదు. పిల్లను ఉంచిన గాజుపెట్టె పక్కన మెరిసే గుండె అంకెలు కళ్ళముందే నెమ్మదించడం చూశాక నమ్మాడు.

ఇంటికొచ్చాక ఆ గుడ్డను జిప్పు సంచిలో పెట్టి, గాలంతా పిండేసి, అలమారలో దాచాడు. పాలు పట్టేటప్పుడు తీస్తాడు. అవగానే మళ్ళీ సంచిలోకి. జిప్పు తెరిచి ఉన్నంతసేపూ తను ఊపిరి బిగబట్టి కూర్చుంటాడు, పిచ్చివాడు.

మర్నాడే అతని తల్లి ఐలి పెట్టె పట్టుకుని దిగింది.

"నేల మెత్తబడేదాకా ఉంటాన్రా. ఆ తర్వాతే వెళ్తాను."

"సరేనమ్మా."

అంతే. మిన్నెసోటా ఉత్తరాన మా గనుల ఊళ్ళలో మాటల దగ్గర అందరం పిసినారులమే. తాతలు ఫిన్లాండ్ నుంచి వస్తూ తెచ్చిన గుణం. మంచికైనా చెడుకైనా కాఫీ కప్పు ముందు పెట్టి ఊరుకుంటాం. అదే ఓదార్పు అనుకోవాలి.

నీల్ హాల్లో కుర్చీలోనే పిల్లను గుండెల మీద వేసుకుని కునుకు తీసేవాడు. పడకగది తలుపు మూసే ఉండేది. ఆ గది జోలికి వెళ్ళొద్దని తల్లికి ముందే చెప్పాడు. మిగతా ఇల్లంతా ఐలి తోమి పారేసింది. పిల్ల తాకిన ప్రతిదీ మరిగే నీళ్ళలో ముంచింది.

"నా బంగారు ముసలమ్మా! ఆ ముడతలు చూడు, పింఛను తీసుకునేదానిలా ఉన్నావు," అని మనవరాలిని ఆటపట్టించేది. పిల్ల కళ్ళు చికిలించి చూసేది. నీల్ కూడా నవ్వబోయి ఆగిపోయేవాడు.

రోజూ పొద్దున్నే అతను పెరట్లోకి వెళ్ళి మంచు పక్కకు తోసి, గునపంతో నేలను ఒక పోటు పొడిచి చూసేవాడు. ఖంగుమనేది.

"ఎలా ఉంది?" అనేది ఐలి.

"ఇంకా రాయే."

ఒకరోజు పిల్లకు పాలు పట్టి, రోజూ ఇంటికొచ్చి పిల్లను తూచే నర్సు కారు రావడానికి వీలుగా దారిలో మంచు ఎత్తిపోయడానికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కుర్చీ చేతి మీద గుడ్డ లేదు. సంచి ఖాళీగా ఉంది.

"అమ్మా, గుడ్డేది?"

"పచ్చదా? పిల్ల దాని మీద పాలు కక్కిందిరా. ఒకటే పులిసిన కంపు. వేడినీళ్ళలో రెండుసార్లు ఉతికి డ్రయ్యర్లో వేశాను."

నీల్ ఒక్క అంగలో వెళ్ళి డ్రయ్యరు తలుపు లాగాడు. గుడ్డ తీసి మొహానికి అదుముకున్నాడు. సబ్బు వాసన. ఉత్త సబ్బు వాసన.

"అది ఆసుపత్రి గుడ్డమ్మా! మార్నా మెడ దగ్గర పెట్టుకున్నది! ఉతకొద్దని..."

ఉతకొద్దని అతను ఎవరితోనూ చెప్పలేదు. గుడ్డ సంగతే చెప్పలేదు. ఐలి చేతులు తన చేతులు కానట్టు వాటి వంక చూసుకుంది. కూలబడిపోయింది. "నాకేం తెలుసురా నాయనా, నాకేం తెలుసు," అని గొణుగుతూనే ఉంది.

మధ్యాహ్నం నర్సు వచ్చింది. రోజూ వచ్చే మనిషి కాదు. ఆమెకు ఒంట్లో బాగోలేదని పక్క ఊరినుంచి పంపిన కొత్తామె. వచ్చీరాగానే పిల్లను తూచి పెదవి విరిచింది.

"ఏం పెరగలేదే. పాలు పట్టండి, చూద్దాం."

సిల్వి గుడ్డకు చెంప ఆనించింది. వెతికింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. సీసాను నాలుకతో తోసేసి గుక్కపట్టి ఏడ్చింది. మూడుసార్లు ప్రయత్నించారు. చుక్క దిగలేదు.

"ఇలాగే ఉంటే రేపు ఆసుపత్రిలో చేర్చాల్సిందే. గొట్టం తప్పదు," అంది నర్సు.

ఐలి ఏడుస్తూ గుడ్డ సంగతంతా చెప్పింది. నర్సు తేలిగ్గా నవ్వేసింది.

"ఓస్, ఇంతేనా! దీనికింత రాద్ధాంతమా పెద్దమ్మా?" అని మూసిన పడకగది వైపు చూసి గొంతు తగ్గించింది. "వాళ్ళమ్మ పడుకుందా? ఈ రాత్రికి ఇదే గుడ్డ మళ్ళీ పక్కలో వేసుకోమనండి. తెల్లారేసరికి వాసన పట్టేస్తుంది."

ఐలి లేచి కాఫీ పెట్టడానికి వెళ్ళింది.

మంచుకు గడ్డకట్టిన నేల కరిగితే గాని గొయ్యి తవ్వలేమన్నారు గనక, మార్నా చలికాలమంతా శ్మశానం గేటు పక్క రాతిగదిలో, శవపేటికలో పడుకునే ఉంది.